పదకొండు చరణాల పెళ్లి

పెళ్లి మధ్యలో ఆగిపోవడానికి లోకంలో చాలా కారణాలున్నాయి. వాన వచ్చి ఆగిన పెళ్లి చూశాను. పెళ్లికొడుకు వాళ్ల బస్సు టైరు పగిలితే, పెళ్లికూతురి మేనమామలు జాకీ మోసుకుని ముద్దనూరు రోడ్డు మీదికి పరిగెత్తిన పెళ్లి కూడా చూశాను. కానీ పాట వల్ల, అదీ పెళ్లికూతురు గుళ్లోకి నడిచి వచ్చేటప్పుడు పాడే మొట్టమొదటి పాట వల్ల ఆగిపోయిన పెళ్లి నాకు తెలిసి కడప జిల్లాలో ఒక్కటే. అది నా సొంత చెల్లెలిది. ఆ పాట ఏర్పాటు చేసిన మహానుభావుణ్ణి నేనే. నవ్వుకోండి, పర్వాలేదు. ప్రొద్దుటూరులో ఇప్పటికే అందరూ నవ్వేశారు, మీరే మిగిలారు.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. పేరు జోజప్ప. వారమంతా సెల్‌ఫోన్లు బాగుచేసేవాణ్ణి, ఆదివారం మా కథోలిక దేవాలయంలో కీబోర్డు వాయించేవాణ్ణి. మొదటి పని వల్ల జీతం వచ్చేది, రెండో పని వల్ల పొగరు వచ్చేది. జనం పూజకు వస్తున్నది దేవుడి కోసం కాదు, నా కీబోర్డు కోసమేనని లోలోపల నాకు గట్టి నమ్మకం. ఒకసారి జ్వరమొచ్చి రెండు వారాలు వెళ్లకపోతే, గుడి మూసేస్తారేమోనని మంచంలో పడుకుని బెంగపెట్టుకున్నాను. తీరా చూస్తే ఆ రెండు వారాలూ పాటలు చాలా బాగున్నాయని మా అమ్మే చెప్పింది.

నా చెల్లెలు ఫిలోమిన పులివెందులలో నర్సు. అక్కడే బళ్లో లెక్కలు చెప్పే ప్రభుదాసుతో పెళ్లి కుదిరింది. కుర్రాడు బంగారం. ఊరు జమ్మలమడుగు. ఒకటే తేడా, మేము కథోలికులం, వాళ్లు ప్రొటెస్టెంట్లు. బయటివాళ్లకు ఇద్దరమూ ఒకటే, 'చర్చి వాళ్లు' అనేస్తారు. లోపలికి వస్తే తెలుస్తుంది అసలు సంగతి. మాది పూజ, వాళ్లది ఆరాధన. మాకు మరియతల్లి స్వరూపం, అంటే విగ్రహం, కొవ్వొత్తులు, జపమాల ఉంటాయి. వాళ్లకు అవేవీ ఉండవు. వాళ్ల పాస్టరుగారికి భార్యాబిడ్డలుంటారు, మా ఫాదరుగారికి ఉండరు.

పాటల దగ్గర మాత్రం గోడ ఎప్పుడో కూలిపోయింది. మా గుళ్లో పాడే పాటల్లో సగం వాళ్లవే. ఎప్పుడు వచ్చాయో, ఎవరు తెచ్చారో ఎవరూ అడగరు. అయితే పాడే పద్ధతి వేరు. మా పూజలో పాట ఫాదరు నడకకు తోడు. ఆయన పూజ చేసే పీఠం దగ్గరికి చేరారా, పాట ఆగిపోవాలి, చరణం సగంలో ఉన్నా సరే. వాళ్లకు అలా కాదు. పాట ఎత్తితే ఆఖరి చరణం దాకా పాడి తీరాలి. మధ్యలో ఆపితే అన్నం తింటున్న మనిషి ముందు నుంచి విస్తరి లాగేసినట్టు బాధపడతారు. ఈ ఒక్క తేడా నాకు బాగా తెలుసు. తెలిసి చేశాను, అదీ నా గొప్ప.

సంబంధం ఖాయం చేసుకోవడానికి జమ్మలమడుగు వెళ్లాం. ప్రభుదాసును చిన్నప్పుడే తల్లీతండ్రీ పోతే వాళ్ల జేజి పెంచింది. తెలియని వాళ్లకు చెబుతున్నా, మా వైపు నాయనమ్మను జేజి అంటాం. ఆమె పేరు కరుణమ్మ. మనిషి పిడికెడు, గొంతు మాత్రం పెన్న అవతలి ఒడ్డుకు వినబడుతుంది. కాఫీ ఇచ్చి, మా ఎదురుగా కూర్చుని, సూటిగా విషయానికొచ్చింది.

"పెండ్లి మీ గుళ్లోనే చేసుకోండి. నాకేమీ అడ్డం లేదు. పిల్ల మావానికి నచ్చింది, నాకూ నచ్చింది. ఒకటే మాట. మా ఆయప్ప కట్టిన పాట ఉండాది. పెండ్లిలో అది పాడాల."

వాళ్లాయన దేవదానమయ్య జమ్మలమడుగులో వాక్యం చెప్పేవాడట. పెన్నకు వరదొచ్చిన ఏడు ఆ పాట కట్టాడట.

"దానికేముంది జేజీ, పాడదాం!" అన్నాను, ఎవరినీ అడగకుండానే.

"పాడదాం అంటే చాలదు నాయనా. ఎత్తితే దించేదాకా పాడాల. నడమ తుంచకూడదు. తుంచేటట్లయితే నేను ఆడికి రానేరాను."

ప్రభుదాసు నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు: "జేజి రాకుంటే నేనూ రాను బావా. నాకు అమ్మయినా నాయనయినా ఆయమ్మే."

ఫిలోమిన నా వైపు చూసింది. ఆ చూపుకు అర్థం 'నోరు అదుపులో పెట్టుకో' అని. నేనేమో 'నువ్వున్నావు గదా అన్నా' అంటోందనుకున్నాను.

"మొత్తం పాడిస్తా జేజీ! నాది పూచీ. మాటలు చెప్పు, ఫోన్లో రాసుకుంటా."

జేజి గొంతు సవరించుకుని ఎత్తింది. 'పెన్న పొంగినా భయమేల, నా ప్రభువే నాకు గట్టు కదా' అని పల్లవి. చెక్కభజన లాంటి నడక, కాళ్లు వాటంతటవే ఆడతాయి. మొదటి చరణం జొన్నచేల గురించి, రెండోది ఇల్లూ పిల్లల గురించి. ఎంత బాగుందంటే, పెళ్లి నాడు కీబోర్డు మీద ఈ నడక వాయిస్తూ నేనెలా కనిపిస్తానో అప్పుడే ఊహించుకోవడం మొదలుపెట్టాను. ఈలోగా జేజి ఏదో చెబుతోంది.

"ఇంగ ఈ మూడోది ఎట్ల పుట్టిందంటే నాయనా, అప్పుడు ఈడ..."

"జేజీ, కథలు పెండ్లినాడు చెప్పుకుందాం. బస్సుకు టైమయింది," అని ఫోను జేబులో పెట్టుకున్నాను.

ఇక్కడ మీరు ఒక్క క్షణం ఆగి నన్ను తిట్టుకోవాలి. తిట్టుకున్నారా? సరే, పదండి.

మా విచారణ గురువులు, అంటే మా గుడి ఫాదరు, ఇన్నయ్యగారు. గుంటూరు వైపు మనిషి. పెళ్లయినా పండుగైనా పాటలన్నీ ముందుగా ఆయనకు చూపించాలి. చేతిలో ఎర్ర పెన్ను పట్టుకుని, పరీక్ష పేపరు దిద్దినట్టు దిద్దుతారు. రెండు చరణాలూ నీటుగా రాసి తీసుకెళ్లాను.

"ఇది మన పుస్తకంలో లేదేమిటయ్యా?"

"పెళ్లికొడుకు వాళ్లది ఫాదర్. జమ్మలమడుగుది."

"వాళ్లదైతే తప్పులేదు. మంచి పాట ఎవరిదైనా మంచి పాటే. నాకు మాటలు ముఖ్యం. పూజలో పాడే ప్రతి మాటకూ నేను జవాబుదారీ." చదివారు. ఒకచోట పెన్ను ఆగింది. "ఇక్కడ యెహోవా అని ఉంది. పూజలో ఆ పేరు పలకకూడదని మనకు చెప్పారు కదా. ప్రభువు అని మార్చు."

"మార్చేస్తా ఫాదర్."

"బాగుంది. పాట ఇంతేనా?"

ఈ ప్రశ్నకు నిజమైన జవాబు 'తెలీదు ఫాదర్'. తెలీదు అనే మాట ఆ రోజుల్లో నా నోట్లోంచి వచ్చేది కాదు.

"ఇంతే ఫాదర్!"

"అయితే సరే. నేను పీఠం దగ్గరికి రాగానే ఆపెయ్యాలి సుమా."

"కరెక్టుగా ఆపేస్తా ఫాదర్!"

ఆయన సంతకం పెట్టి ఇచ్చారు. ఒక్క మాట దగ్గర అంత జాగ్రత్తపడ్డ మనిషి చేత చూడని చరణాలకు సంతకం పెట్టించాను. ఇంటికొచ్చి గొప్పగా చెబితే ఫిలోమిన నెత్తిన చేయి పెట్టుకుంది.

"ఆయమ్మకేమో మొత్తం పాడతామన్యావు. ఫాదరుకేమో రెండే అని చెప్పొచ్చినావు. ఎట్ల చేస్తావు?"

"నేను చూసుకుంటా లేమ్మే. రెండో చరణం అయిపోతానే కీబోర్డు మీద ఒక పెద్ద ముగింపు కొడతా. అది విన్నాక ఎవురైనా పాట అయిపోయిందనే అనుకుంటారు."

"అన్నా, నీకు దండం పెడతా, నా పెండ్లి నీ కీబోర్డు మీద పెట్టొద్దు. ఆయమ్మ బయటికి పోతే ఈయన కూడా పోతాడు. ఒకసారి ఫోన్ చేసి మొత్తం పాట అడుగు."

"అడుగుతాలే," అన్నాను. అడగలేదు. దానికి బదులు ఇంకో ఘనకార్యం చేశాను. మా జనం పూజలో నోరు తెరవరని ఫాదరు ఎప్పుడూ బాధపడేవారు. అందుకని మూడు ఆదివారాలు పూజ తర్వాత అందరినీ కూర్చోబెట్టి తాలీము ఇచ్చాను. ముందు పాడేవాళ్లు ఏ మాట పాడితే, ఆ మాట మీరంతా గట్టిగా తిరిగి పాడాలి. ఆలోచించొద్దు, విన్నది విన్నట్టు అందుకోవడమే. మూడో వారానికల్లా తెల్ల చీరల సిస్టర్ల నుంచి వెనక గోడకు ఆనుకుని నిద్రపోయే పెద్దమనుషుల దాకా అందరూ బ్రహ్మాండంగా తయారయ్యారు.

పెళ్లి రోజు రానే వచ్చింది. మే నెల, ప్రొద్దుటూరు ఎండ, పది గంటలకే చెప్పులు లేకుండా గుడి మెట్లెక్కలేం. జమ్మలమడుగు నుంచి బస్సు దిగింది. నలభై మంది, వాళ్ల పాస్టరుగారు, పాస్టరుగారి భార్య, ఒక తబలా, రెండు జతల తాళాలు. ముందు కరుణమ్మ జేజి, తెల్ల చీరలో. నేను ఎదురెళ్లి, వైరు లేని మైకు రెండు చేతులతో ఆమెకు అందించాను.

"జేజీ, ఈ పొద్దు ముందుపాట నీదే. మావాళ్లంతా నీ వెనక పాడతారు."

"మొత్తమే కదా నాయనా?"

"మొత్తమే జేజీ!"

పాట మొదలైంది. నిజం చెప్పొద్దూ, అంత గొప్పగా మా గుళ్లో ఏ పాటా మొదలవలేదు. జేజి గొంతు లేచింది, తబలా అందుకుంది, నా కీబోర్డు దూకింది. జేజి ఒక మాట పాడితే నాలుగు వందల మంది తిరిగి పాడుతున్నారు. ఫిలోమిన, ప్రభుదాసు, వాళ్ల వెనక కొవ్వొత్తులు పట్టుకున్న మరియమాత సంఘం అమ్మలు, చివర ఫాదరు. ఆయన ముఖం వెలిగిపోతోంది. మొదటి చరణంలో జేజి 'యెహోవా' అనే పాడింది, కానీ ఆ హోరులో పట్టించుకున్నవాళ్లు లేరు. రెండో చరణం అయ్యేసరికి ఫాదరు సరిగ్గా పీఠం దగ్గరికి చేరారు. నేను చేతులు పైకెత్తి, పదివేళ్లతో ముగింపు కొట్టాను.

ధనధనధనధన్!

దానికి తబలా ఆయన "ఆహా" అని తలూపి, నడక పెంచాడు. జేజి మూడో చరణం ఎత్తింది.

"శుక్రవారము చేపలు తిని, ఉపవాసము మాదనుటేల?"

నాలుగు వందల మంది కథోలికులు, శుక్రవారం మాంసం మానేసి చేపల పులుసు తినేవాళ్లు, తాలీములో నేర్పినట్టే గొంతెత్తి తిరిగి పాడారు. విన్నది విన్నట్టు, ఆలోచించకుండా. నా చెవులు నేనే నమ్మలేదు. కీబోర్డు ఆపేశాను. ఎవరికీ అక్కర్లేదు, తాళాలు చాలు. నడుం వంచి జేజి దగ్గరికి పాక్కుంటూ పోయాను.

"జేజీ, చాలు జేజీ!"

ఆమె మైకు పక్కకు జరిపి, "చాలేంది? ఇప్పుడే కదరా మొదలయింది," అని నాలుగోది ఎత్తింది.

"జపమాల గింజలు తిప్పనేల, వేళ్లు అరగదీయనేల?"

సిస్టర్లు జపమాలలు చేతిలో తిప్పుతూనే చక్కగా శ్రుతిలో తిరిగి పాడారు. ఫాదరు ముఖంలో వెలుగు తగ్గడం మొదలైంది. నా వైపు చూసి చేత్తో 'ఆపు' అన్నారు. నేను చేత్తో 'ఆపుతున్నా' అన్నాను. జేజి ఐదోది అందుకుంది.

"మైనపు వత్తుల వెలుగేల? మాటాడని బొమ్మల కొలువేల?"

మరియమాత సంఘం అమ్మలు వెలుగుతున్న కొవ్వొత్తులు పైకెత్తి మరీ పాడారు. వాళ్ల అధ్యక్షురాలు మాత్రం రెండోసారి పాడుతుండగా మధ్యలో ఆగి, చేతిలో కొవ్వొత్తి వైపు, స్వరూపం వైపు, తర్వాత నా వైపు చూసింది. చీర కొంగు బిగించుకుంది. ఆ కొంగు చూడగానే నేను అక్కడి నుంచి లేచాను. ఆరో చరణంలో ఏముందో నాకు తెలియదు, ఎందుకంటే అప్పుడు నేను మెయిన్ స్విచ్చు కోసం గోడ వెంబడి పరిగెత్తుతున్నాను. స్విచ్చు మీద చేయి వేసేసరికి ఏడోది వచ్చింది.

"ఆలి లేని అయ్యగారికి, ఆలుమగల ఊసులేల?"

జనం అందుకున్నారు. పెద్దమనుషులు, సిస్టర్లు, పీఠం పక్కన గంట కొట్టే ఉపదేశి, అందరూ నాలుగు దిక్కుల నుంచి, ఫాదరు ఎదురుగా నిలబడి. అదీ పెళ్లి పూజలో. నేను స్విచ్చు లాగేశాను.

మైకు ఆగింది. ఫ్యాన్లు ఆగాయి. ఏడో చరణం చివరి మాట మీద పాట తెగిపోయింది. ఆ నిశ్శబ్దంలో, తాము ఇంతసేపూ ఏం పాడారో నాలుగు వందల మందికీ ఒకేసారి అర్థమైంది.

ఫాదరు పుస్తకం మూసి, పూజ వస్త్రాలు వేసుకునే గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. అదే సమయానికి జేజి మైకు కింద పెట్టింది. "తుంచినారు కదా," అంది, అంతే. చెప్పులున్న వైపు నడిచింది. నలభై మందీ లేచారు. ప్రభుదాసు జేజి వీపు వైపు చూశాడు, ఫిలోమిన ముఖం వైపు చూశాడు, మళ్లీ జేజి వైపు చూశాడు. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

ఫిలోమిన నా చొక్కా కాలరు పట్టుకుంది. పూలదండ మెడలో ఉంది, కళ్లలో నీళ్లున్నాయి, పళ్లు మాత్రం కొరుకుతోంది.

"పో! ఆయమ్మ కాళ్లు పట్టుకుంటావో, ఫాదరు కాళ్లు పట్టుకుంటావో నాకు తెల్దు. ఈయన తాళి కట్టకుండా ఈ గడప దాటినాడంటే నీకు చెల్లెలు లేదనుకో!"

నాకు అప్పటిదాకా భయం మాత్రమే ఉండింది. ఆ మాటతో సిగ్గు వచ్చింది. అంత సిగ్గు నాకు అంతకుముందు గానీ, ఆ తర్వాత గానీ రాలేదు. పరిగెత్తుకెళ్లి మెట్ల మీద జేజి కాళ్లకు అడ్డంపడ్డాను.

"జేజీ, తప్పు నాదే. ఫాదరుకు రెండే చరణాలని చెప్పినా. నీకేమో మొత్తమని చెప్పినా. మిగిలినవి నేను చూడనే లేదు. నన్ను కొట్టు, నా చెల్లెలి పెండ్లి మటుకు ఆపొద్దు."

"నేనేడ ఆపినా? ఆపింది నువ్వు. అదీ ఏడో దాని కాడ ఆపితివి! ఆపేదైతే రెండో దాని కాడ ఆపాల, లేదంటే పదకొండూ పాడాల. ఏడో దాని కాడ ఆపితే అది తిట్టే కదరా!"

మా గొడవకు తలుపు తెరుచుకుంది. ఫాదరు బయటికి వచ్చారు. ముఖం ఎర్రగా ఉంది.

"తిట్టు కాకపోతే మరేమిటమ్మా? మా గుళ్లో, మా జనం చేత నన్ను అనిపించారు. ఆ చరణం ఎవరు కట్టారు?"

"మా ఆయప్పే కట్టినాడు స్వామీ. మూడు నుంచి ఏడు దాకా మా ఆయప్పవే. ఎనిమిది, తొమ్మిది, పది మీవాళ్లవి."

"మావాళ్లవా?"

"మీ ఫాదరువి. గడ్డమాయన, అప్పుట్లో జమ్మలమడుగు గుళ్లో ఉండె. వరద తగ్గినాక ఇద్దరూ సాయంత్రమైతే పెన్న గట్టు మీద కూసోని వాదులాడుకునేటోళ్లు. మా ఆయప్ప ఇంటికొచ్చి ఆయన మీద ఒకటి కట్టె. మర్నాడు పాడి వినిపిస్తే ఆయన పడీ పడీ నవ్వె. మావాడు ఐదు కట్టినాక ఆయన కూసోని జవాబుగా మూడు కట్టినాడు. ఆఖరుది ఇద్దరూ కలిసి కట్టినారు." జేజి మెట్టు మీద కూర్చుంది. గొంతు మెత్తబడింది. "మా ఆయప్ప పోయిననాడు మీ ఫాదరు సమాధి కాడికి వచ్చి, పదకొండూ ఆయనే పాడినాడు స్వామీ. ఒక్క చరణం కూడా ఇడిచిపెట్టలే. తన్ను ఎగతాళి చేసిన చరణం ఏడ్చుకుంటా పాడె. ఆ పొద్దు నుంచి నేను దీన్ని తుంచి పాడింది లేదు."

కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఫాదరు నా వైపు తిరిగారు.

"ఈ కథ నీకు తెలియదా?"

"చెప్పబోయింది ఫాదర్. నేనే... బస్సుకు టైమయిందని..."

"బస్సుకు ఇంకా అరగంట ఉండె," అంది జేజి.

ఫాదరు నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. ఆయన జేజి చేయి పట్టుకుని లేపి, ఆమెను లోపలికి నడిపించుకుని వెళ్లారు. వెనకే నలభై మందీ తిరిగొచ్చారు. నేను స్విచ్చు వేశాను. ఫ్యాన్లు తిరిగాయి. ప్రభుదాసు కూర్చున్నాడు. ఫాదరు మైకు అందుకున్నారు.

"మీరంతా నా గురించి ఇందాక చాలా చక్కగా పాడారు. మూడు వారాల తాలీము ఎక్కడికీ పోలేదు." జనం తలలు దించుకున్నారు. "దానికి మన ఫాదరుగారొకరు జవాబు కట్టారట. అది విననిదే నేను పూజ మొదలుపెట్టను. ఎనిమిది ఎత్తండమ్మా."

జేజి ఎత్తింది.

"ఆలి ఉన్న అయ్యగారికి, ఆదివారమే నోరు కదా! తక్కిన ఆరు దినములూ, తలూపుటయే పని కదా!"

ఈసారి తిరిగి పాడినవాళ్లలో జమ్మలమడుగు వాళ్లే ఎక్కువ. పాస్టరుగారు తల వంచుకుని నవ్వు ఆపుకుంటున్నారు. పాస్టరుగారి భార్య లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. తొమ్మిదో చరణంలో ఆ శుక్రవారం చేపల పులుసును అడిగి మరీ పెట్టించుకుని తిన్నది దేవదానమయ్యేనని బయటపడింది. పదో దాంట్లో, మా పూజ గంటలో అయిపోతుందనీ, వాళ్ల ప్రసంగం మొదలైతే కోళ్లు గూట్లోకి చేరతాయనీ ఉంది. మరియమాత సంఘం అధ్యక్షురాలు దాన్ని మూడుసార్లు పాడించింది. పదకొండోది ఇద్దరూ కలిసి కట్టింది. 'ఈ గట్టున నీవుండగా, ఆ గట్టున నేనుండగా, నడుమ పారే నీరు తాగి బతుకుదము రా' అని. అది మాత్రం ఎవరూ అరవలేదు, మెల్లగా పాడారు. నేను కీబోర్డు మీద ముగింపు కొట్టలేదు. చేతులు రాలేదు.

మొత్తం ముప్పావు గంట ఆలస్యం. పూజ మొదలై, వాక్యాలు చదవడం అయ్యాక, ఫాదరు ప్రసంగానికి లేచారు. పెళ్లి ప్రసంగమంటే ఆయనకు ప్రాణం. భార్యంటే ఎలా ఉండాలి, భర్తంటే ఎలా ఉండాలి అని నలభై నిమిషాలు చెబుతారు. పెళ్లికూతుళ్లు కళ్లు తిరిగి పడిపోయిన సందర్భాలున్నాయి. జేబులోంచి కాగితాలు తీశారు. ఒకసారి జనాన్ని చూశారు, ఒకసారి జేజిని చూశారు. కాగితాలు నాలుగు మడతలు పెట్టి మళ్లీ జేబులో పెట్టుకున్నారు.

"ఆలుమగల ఊసు నాకెందుకని మీరే అన్నారు. నేను చెప్పను. లేవండి, తాళి కట్టిద్దాం."

గుడి గుడంతా చప్పట్లు. అటువాళ్లూ ఇటువాళ్లూ అని లేదు. మా గుళ్లో ప్రసంగానికి చప్పట్లు రావడం అదే మొదలు. ప్రభుదాసు తాళి కట్టాడు, జేజి అక్షింతలు వేసింది, ఫిలోమిన ఆ మూడు ముళ్లు పడేంతసేపూ తలదించకుండా నన్నే చూసింది. మూడో ముడి పడ్డాక, అందరి ముందూ, పెళ్లికూతురని కూడా చూసుకోకుండా నాలుక బయటపెట్టింది. నాకు అప్పుడు ఏడుపొచ్చింది.

ఆ వార్త పులివెందుల దాకా పాకింది. ఇప్పుడు మా గుడి జనంలో ఎవరింట్లో పెళ్లి కుదిరినా, ముహూర్తం కంటే ముందు నన్ను అడిగేది ఒక్కటే: "జోజప్పా, ఆ పదకొండు చరణాలది పెట్టిస్తాండావు కదా?" భక్తి అనుకునేరు. ఏడో చరణం పడితే ప్రసంగం ఉండదని!

ఒకరోజు నాకే మనసు పీకి ఫాదరు దగ్గరికి వెళ్లాను. "ఫాదర్, మీకు ఇబ్బందిగా ఉంటే చెప్పండి, ఏడోది తీసేసి పాడిస్తా," అన్నాను.

ఆయన తలుపు వైపు చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, గొంతు తగ్గించారు. "తీసెయ్యకయ్యా బాబూ. పదహారేళ్లుగా అదే ప్రసంగం చెప్పీ చెప్పీ నాకూ విసుగెత్తింది. ఆపుదామంటే కారణం దొరక్క చచ్చాను."

కాబట్టి పాఠకులారా, నా కీబోర్డు మీద చేయి పెట్టి, మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ పాటనైనా ఆఖరి చరణం ఆఖరి మాట దాకా చదవనిదే మొదటి స్వరం వాయించను. ఎవరైనా పెద్దావిడ 'ఇది ఎట్ల పుట్టిందంటే నాయనా' అని మొదలుపెడితే, బస్సు పోయినా సరే, ఆ రాత్రికి వాళ్ల వసారాలోనే పడుకోవలసి వచ్చినా సరే, కదలకుండా కూర్చుని వింటాను. 'తెలీదు' అనే మాట రోజుకు పదిసార్లు సాధన చేస్తాను. ఈ ప్రమాణాన్ని రాసి ఫిలోమినకు వాట్సాప్‌లో పంపాను. చదివి, ఒక్క ముక్క జవాబిచ్చింది:

"ఇంతేనా అన్నా, ఇంకా చరణాలుండాయా?"